సున్నా వేస్తే తప్పా, నాలుగు వేస్తే తప్పా?

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ పుట్టిల్లు భీమవరం దగ్గర. భర్తకు అన్నగారు, అంటే ఈవిడకు బావగారు, నడుపుతున్న ఐటీ కన్సల్టెన్సీలో హెచ్‌ఆర్ పనంతా ఈవిడే చూస్తారు. మొత్తం 64 మంది ఉద్యోగులు. ఎక్కువమంది హెచ్1బీ వర్క్ వీసా మీదా, ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీదా ఉన్న మన పిల్లలే. భర్తదీ అదే కంపెనీ హెచ్1బీ. గ్రీన్‌కార్డు ఫైలూ అక్కడే ఉంది, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి మూడేళ్లు దాటింది. ఈవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద పనిచేస్తున్నారు.

కిందటి నవంబర్‌లో ఒక పెద్ద కంపెనీ దగ్గర్నుంచి వీళ్లకు సబ్ కాంట్రాక్టు వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వ శాఖకు హెల్ప్‌డెస్క్, డేటా పని. విలువ 4 లక్షల 80 వేల డాలర్లు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని సంబరపడ్డారు. ఈ ఆగస్టులో ఆ ప్రైమ్ కంపెనీ (ప్రభుత్వం దగ్గర అసలు కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ) నుంచి మెయిల్ వచ్చింది: మాజీ సైనికుల వివరాలతో వెట్స్-4212 ఫారం దాఖలు చేసినట్టు, ఖాళీలను రాష్ట్ర ఉద్యోగ కేంద్రంలో పెడుతున్నట్టు ధ్రువీకరణ పంపమని. ఈవిడకు అప్పటిదాకా ఆ ఫారం పేరే తెలియదు. కాంట్రాక్టు కాగితాల్లో ఆ షరతు ఉంది, ఎవరూ చదవలేదు.

బావగారిని అడిగితే, "ఐదు శాతం మాజీ సైనికులు ఉండాలట. సున్నా వేస్తే కాంట్రాక్టు పోతుంది. మూడో నాలుగో వేసెయ్ అమ్మా, ఎవరు చూడొచ్చారు" అన్నారట. ఎవరిని లెక్కపెట్టాలో కూడా ఆయనే చెప్పారు. ఒకరు, మన నౌకాదళంలో పదిహేనేళ్లు చేసి రిటైరై, ఇక్కడికి వచ్చి నెట్‌వర్క్ పని చేస్తున్న విశాఖపట్నం ఆయన. ఇంకొకరు, రోజూ ఆర్మీ టోపీ పెట్టుకొచ్చే హెల్ప్‌డెస్క్ కుర్రాడు. మిగతా ఇద్దరు ఎవరో ఆయనకే తెలియదు.

ఉత్తరం చివర ఆవిడ రాసిన మాట: "జూన్‌లో ఒకాయన రెజ్యూమే పంపారు. అమెరికా సైన్యంలో ఎనిమిదేళ్లు చేశారు. మా పనికి సరిపోయే అనుభవమే. మేము జవాబు కూడా ఇవ్వలేదు, ఆ ఉద్యోగం వాట్సాప్ గ్రూపులో వచ్చిన అబ్బాయికి ఇచ్చాం. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. ఫారంలో నా పేరే ఉంటుంది. కాదంటే ఇంట్లో గొడవ, మా ఆయన గ్రీన్‌కార్డు ఏమవుతుందోనని భయం. ఏం చేయమంటారు?"

అమ్మా,

ముందు మీ టెన్షన్ కొంత తగ్గే మాట చెప్తాను. ఆ ఫారంలో సున్నా వేయడం నేరం కాదు. నిజంగా సున్నా అయితే సున్నాయే వేయాలి. మాజీ సైనికులు ఒక్కరూ లేని కంపెనీ కూడా ఫారం దాఖలు చేయాల్సిందే, చేస్తే చట్టం ముందు ఆ పని సక్రమంగా చేసినట్టే. కాంట్రాక్టుకు ముప్పు వచ్చేది ఫారం దాఖలు చేయకపోతే. కిందటేడు దాఖలు చేయాల్సిన కంపెనీ చేయకపోతే, దానికి కొత్తగా కాంట్రాక్టు నిధులు కేటాయించకూడదని ప్రభుత్వ శాఖలకు చట్టమే అడ్డం పెట్టింది. ప్రైమ్ వాళ్లు మిమ్మల్ని తొందర పెడుతున్నదీ అందుకే. వాళ్లు అడిగింది "దాఖలు చేశారా" అని. "ఎంతమంది ఉన్నారు" అని కాదు. మీ బావగారు ఈ రెంటినీ కలిపేసుకున్నారు.

ఆయన చెప్పిన ఐదు శాతం గాలిమాట కాదు, ఎక్కడో విన్నారు. దేశంలో పనిచేసేవాళ్లలో మాజీ సైనికులు ఎంత శాతమో చూసి, ఆ అంకెను లేబర్ డిపార్ట్‌మెంట్ కింద ఉండే ఓఎఫ్‌సీసీపీ ఏటా ప్రకటిస్తుంది. 2024లో అది 5.2 శాతం, 2025లో 5.1 శాతం. 50 మందికి పైబడిన కాంట్రాక్టర్లు కొత్త నియామకాల్లో ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవాలి, లేదా నిబంధనల్లో చెప్పిన అంశాలు చూసుకుని సొంతంగా ఒక లక్ష్యం కట్టుకోవాలి. అది కోటా కాదని నిబంధనల్లోనే రాసి ఉంది. అందుకోలేకపోవడం దానంతట అది ఉల్లంఘన కాదు. ఎందుకు అందుకోలేకపోయాం, ఎక్కడెక్కడ వెతికాం, వచ్చే ఏడు ఏం మార్చుకుంటాం అని రాసి ఉంచుకోవాలి. ఆ రాతే లేకపోతే అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ ఫారానికీ, ఈ లక్ష్యానికీ మూలమైన చట్టం 1974 నాటిది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఉద్యోగాలు దొరకక, వాళ్లను చూసి జనం మొహం తిప్పుకున్న కాలంలో వచ్చింది. వెవ్రా అంటారు. ప్రభుత్వ సొమ్ముతో వ్యాపారం చేసేవాడు ప్రభుత్వం కోసం ప్రాణం ఒడ్డినవాడికి పనిలో న్యాయమైన అవకాశం ఇవ్వాలని దాని ఉద్దేశం. మీది పశ్చిమ గోదావరి కాబట్టి ఇది వివరించి చెప్పక్కర్లేదు. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం ఉంది కదా, ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరని చెప్పుకుంటారు. పెన్షన్ పుస్తకం పట్టుకుని, నలభై ఏళ్ల వయసులో రెండో ఉద్యోగం కోసం తిరిగే మనిషి ఎలా ఉంటాడో మీ బావగారికీ తెలిసే ఉంటుంది.

మీ కంపెనీకి ఇది వర్తిస్తుందా అన్నది చూద్దాం. వర్తిస్తుంది. సబ్ కాంట్రాక్టర్లకూ వర్తిస్తుంది. ఎంత విలువైన కాంట్రాక్టు నుంచి వర్తిస్తుందన్న పరిమితి 1 లక్షా 50 వేల డాలర్లుగా ఉండేది, 2025 అక్టోబర్ 1 నుంచి 2 లక్షలకు పెంచారు. మీది ఏ లెక్కన చూసినా పైనే ఉంది. ఇంకో సంగతి, ఇక్కడ చాలామంది మన కన్సల్టెన్సీల వాళ్లు పొరపాటు పడతారు. "ఆ ప్రాజెక్టు మీద ఉన్న ఐదుగురికే ఈ రూల్స్" అనుకుంటారు. కాదు. మామూలుగా మొత్తం కంపెనీకి వర్తిస్తాయి. ప్రైవేటు క్లయింటు దగ్గర జావా రాసే కుర్రాడు కూడా మీ 64 మందిలో లెక్కే. 2025 జనవరిలో అధ్యక్షుడి ఉత్తర్వుతో కాంట్రాక్టర్ల మీద ఉన్న కొన్ని పాత నియామక నిబంధనలు రద్దయ్యాయి. దాంతో ఇవన్నీ పోయాయని ఒక ప్రచారం తిరుగుతోంది, మీ బావగారి చెవిన కూడా పడి ఉండొచ్చు. రద్దయినవి పాత అధ్యక్షుడి ఉత్తర్వు మీద నిలబడినవి. మాజీ సైనికులవి, వికలాంగులవి కాంగ్రెస్ చేసిన చట్టాలు. అవి అలాగే ఉన్నాయి.

ఇక ఎవరిని లెక్కపెట్టాలన్నది.

విశాఖపట్నం ఆయన విషయం ముందు. పదిహేనేళ్లు నౌకాదళంలో చేసిన మనిషి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ ఫారంలో ఆయన రారు. చట్టం చెప్పేది అమెరికా సైనిక, నావికా, వైమానిక దళాల్లో పనిచేసినవాళ్ల గురించి. భారత నౌకాదళం అందులోకి రాదు. "వెటరనే కదా" అని ఆయనను కలిపితే అది పొరపాటుగా కూడా చెల్లదు, ఎందుకంటే ఆయన ఎక్కడ చేశారో కంపెనీకి తెలుసు. పైగా తెలియకుండానే ఆయన పేరు ఒక అబద్ధం కింద ఆధారంగా నిలబడుతుంది. ఆయన వీసా మీద ఉన్న మనిషి. ఆయనకు అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

టోపీ కుర్రాడి సంగతి వేరు. ఆ టోపీ వాళ్ల నాన్నది కావచ్చు, దుకాణంలో కొన్నది కావచ్చు. టోపీ చూసి లెక్క వేయకూడదు, అలాగని అతన్ని ఒక్కడినే పక్కకు పిలిచి "నువ్వు సైన్యంలో చేశావా" అని అడగడమూ బాగుండదు. ఉద్యోగులు ఫారం నింపి చెప్పినా, తమంతట తామే చెప్పినా, కంపెనీకి నిజంగా తెలిసి ఉన్నా లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధన. ఊహ మాత్రం పనికిరాదు. కాబట్టి స్వచ్ఛందంగా వివరాలు చెప్పే ఫారం ఒకటి 64 మందికీ ఒకేసారి పంపండి. ఇష్టమైతేనే నింపమని, నింపకపోయినా ఏమీ కాదని, ఇచ్చిన వివరం గోప్యంగా ఉంటుందని అందులో స్పష్టంగా రాయండి. వచ్చిన జవాబులు వాళ్ల పర్సనల్ ఫైల్లో పెట్టకుండా విడిగా, తాళంలో ఉంచండి. మేనేజర్లకు చూపించకండి. ఎంతమంది అవునంటే అంతే మీ అంకె. ఒకరు కావచ్చు, ఎవరూ లేకపోవచ్చు.

సైన్యంలో చేసిన ప్రతివాళ్లూ ప్రొటెక్టెడ్ వెటరన్, అంటే ఈ చట్టం రక్షణ వర్తించే మాజీ సైనికుడు, లెక్కలోకి రారు. సర్వీసు వల్ల వైకల్యం వచ్చినవాళ్లు, బయటికొచ్చి మూడేళ్లు కాని వాళ్లు, యుద్ధకాలంలో గానీ పతకం ప్రకటించిన సైనిక చర్యలో గానీ యాక్టివ్ డ్యూటీ (పూర్తికాలపు సైనిక సేవ) చేసినవాళ్లు, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ సర్వీస్ మెడల్ ఉన్నవాళ్లు, ఈ నాలుగు రకాలు. ఇందులో మూడోది చాలా విశాలం. గల్ఫ్ యుద్ధకాలం 1990 ఆగస్టు 2న మొదలైందని చట్టంలో ఉంది, దాన్ని ఇంతవరకూ ముగించలేదు. అంటే ఆ తేదీ తర్వాత యాక్టివ్ డ్యూటీ చేసి, డిస్‌హానరబుల్ డిశ్చార్జి (తీవ్రమైన తప్పుకు సైన్యం నుంచి తొలగింపు) కాకుండా బయటికొచ్చినవాళ్లు దాదాపు అందరూ వస్తారు. ఇదివరకు ఫారంలో ఏ రకం వాళ్లు ఎంతమందో విడివిడిగా రాయాల్సి వచ్చేది. 2014లో మార్చారు. ఇప్పుడు ఉద్యోగ శ్రేణుల వారీగా మొత్తం ఎంతమంది అని రాస్తే సరిపోతుంది, గడిచిన 12 నెలల్లో కొత్తగా చేరినవాళ్ల లెక్క విడిగా ఉంటుంది. జీతాల జాబితా దగ్గరుంటే ఒక పూట పని. ఆగస్టు 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా గడువు.

ఇప్పుడు మీరు అంతగా పట్టించుకోని సంగతికి వస్తున్నాను. నా దృష్టిలో మీ కంపెనీకి అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫారం కంటే పెద్దది మీ నియామకాల పద్ధతి.

కాంట్రాక్టు చేతికొచ్చిన రోజు నుంచి, పై స్థాయి అధికారుల పోస్టులు, లోపలివాళ్లతోనే నింపేవి, మూడు రోజులకు మించని పనులు తప్ప, మిగతా ఖాళీలన్నీ రాష్ట్ర ఉద్యోగ కేంద్రంలో పెట్టాలి. మీకైతే అది టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ నడిపే వర్క్ ఇన్ టెక్సాస్ వెబ్‌సైటు. మేము ఫెడరల్ కాంట్రాక్టర్లం, మాజీ సైనికులను ముందుగా మాకు పంపండి అని వాళ్లకు తెలియజేయాలి. అక్కడి నుంచి వచ్చినవాళ్లనే తీసుకోవాలని లేదు. కానీ వాళ్లకు తెలిసే దారి ఉండాలి. ఉత్తరంతోపాటు మీరు పంపిన మీ వాట్సాప్ గ్రూపు స్క్రీన్‌షాట్ చూశాను. "అర్జెంట్ రిక్వైర్‌మెంట్, డాలస్ లోకల్, ఓపీటీ, హెచ్1 ఓన్లీ, మన వాళ్లుంటే చెప్పండి." ఈ ఒక్క లైను రెండు చట్టాలకు అడ్డం. మాజీ సైనికుడికి ఆ గ్రూపులో చోటు లేదు, ఆ ఖాళీ ఉందని అతనికి తెలిసే వీల్లేదు. పైగా వీసా ఉన్నవాళ్లే కావాలని ప్రకటించడం పౌరసత్వాన్ని బట్టి వివక్ష కిందికి వస్తుంది. దాన్ని న్యాయశాఖలో వేరే విభాగం చూస్తుంది, ఇలాంటి ప్రకటనల మీదే స్టాఫింగ్ కంపెనీలు జరిమానాలు కట్టాయి. మన పిల్లలకు పని ఇప్పించాలన్న మీ బావగారి మనసును నేను తప్పు పట్టడం లేదు. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న కుర్రాడి బాధ ఆయన స్వయంగా పడ్డవాడే అయి ఉంటాడు. కానీ ప్రభుత్వ డబ్బు తీసుకున్నాక తలుపు అందరికీ తెరిచి ఉంచాలి.

64 మంది ఉన్నారు కాబట్టి, కాంట్రాక్టు మొదలైన 120 రోజుల్లో మాజీ సైనికుల కోసం రాతపూర్వక ప్రణాళిక ఒకటి తయారై ఉండాలి. ఉద్యోగం ఆఫర్ ఇవ్వడానికి ముందొకసారి, ఇచ్చాక ఒకసారి దరఖాస్తుదారులను మీరు ప్రొటెక్టెడ్ వెటరనా అని స్వచ్ఛంద ఫారం ద్వారా అడగాలి. ఎంతమంది దరఖాస్తు చేశారు, వాళ్లలో మాజీ సైనికులమని చెప్పినవాళ్లెందరు, ఎందరిని తీసుకున్నారు అన్న లెక్క మూడేళ్లు దాచాలి. మీ ఉత్తరాన్ని బట్టి ఇవేవీ జరగలేదు. జరగలేదని ఒప్పుకుని ఈ రోజు మొదలుపెట్టిన కంపెనీకీ, జరిగినట్టు పాత తేదీలు వేసి కాగితాలు పుట్టించిన కంపెనీకీ తనిఖీకి వచ్చినవాళ్లు చాలా తేడా చూస్తారు. మొదటిదానితో సాధారణంగా దిద్దుకోవలసినవాటి మీద ఒక ఒప్పందం రాయించుకుంటారు. రెండోదాన్ని మోసంగా చూస్తారు.

మీ ముందున్న దారులు చూద్దాం.

నిజమైన అంకెతో దాఖలు చేయడం మొదటిది. దీని పర్యవసానం ఏమిటంటే, ఫారం వరకు మీరు క్షేమం. ప్రైమ్ వాళ్లకు "ఫారం దాఖలు చేశాం" అని ధైర్యంగా రాయొచ్చు. ఖాళీల విషయంలో మాత్రం "నవంబర్ నుంచి పెడుతున్నాం" అని రాయలేరు. "ఫలానా తేదీ నుంచి పెడుతున్నాం" అనే రాయాలి. ఆ వాక్యం పంపేముందు ప్రభుత్వ కాంట్రాక్టులు తెలిసిన లాయర్‌కి చూపించమని బావగారితో చెప్పండి. ప్రైమ్ వాళ్లు విసుక్కోవచ్చు, ప్రశ్నలు వేయొచ్చు. కాంట్రాక్టు రెన్యూవల్ దగ్గర ఇది ప్రస్తావనకు రావచ్చు కూడా. అది ఉండదని మభ్యపెట్టను.

నాలుగు అని వేయడం రెండోది. ఎవరూ చూడరన్నది బావగారి నమ్మకం. చాలా ఏళ్లు ఎవరూ చూడకపోవచ్చు కూడా. కానీ ప్రభుత్వానికి తెలిసి తెలిసీ అబద్ధం రాసివ్వడం ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలుశిక్ష ఉన్న సెక్షన్. ఆ రాత చూపించి బిల్లులు తీసుకుంటే, అబద్ధంతో ప్రభుత్వ సొమ్ము తీసుకున్నవాళ్ల మీద వాడే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద నష్టానికి మూడింతలు కట్టించుకోవచ్చు. చూసేది ప్రభుత్వమే అవ్వాలని కూడా లేదు. డేనియల్ కర్క్ అనే వియత్నాం వెటరన్ షిండ్లర్ ఎలివేటర్ కంపెనీలో పనిచేసి బయటికొచ్చాక, ఆ కంపెనీ కొన్నేళ్లు ఈ ఫారాలు దాఖలు చేయలేదని, చేసిన కొన్నిట్లో తప్పుడు వివరాలు ఉన్నాయని కేసు వేశాడు. వివరాలు ఎలా వచ్చాయనుకున్నారు? ఆయన భార్య సమాచార హక్కు కింద లేబర్ డిపార్ట్‌మెంట్‌కి అర్జీలు పెట్టి తెప్పించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలా అర్జీ పెట్టి తెచ్చుకున్న జవాబు కూడా బహిరంగ నివేదిక కిందికే వస్తుందని, అప్పటికే బహిరంగమైన సమాచారం మీద మామూలు వ్యక్తులు సాధారణంగా ఇలాంటి కేసు వేయలేరని 2011లో 5-3 మెజారిటీతో కంపెనీ వైపు తీర్పు వచ్చింది. ఆరోపణలు నిజమా కాదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. నేను చెప్పేది ఒక్కటే, ఒక మామూలు కుటుంబం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈ ఫారాలు బయటికి లాగింది. మీ దగ్గర మానేసి వెళ్లే 64 మందిలో ఎవరైనా ఆ పని చేయొచ్చు. ఆ రోజు ఫారం మీద సంప్రదించవలసిన వ్యక్తిగా మీ పేరూ, మీ ఫోన్ నంబరూ ఉంటాయి. బావగారి పేరు ఉండదు.

"మీరే ఫైల్ చేసుకోండి, నన్ను వదిలేయండి" అని తప్పుకోవడం మూడోది. ఇంట్లో గొడవ తక్కువ అనిపిస్తుంది. సగం మాత్రమే పనిచేస్తుంది. సరైన అంకె ఇదీ అని ఒక మెయిల్‌లో రాసి ఇచ్చి, ఫారంలో నా పేరు పెట్టవద్దని చెప్పి తప్పుకుంటే మీ వరకు కొంత రక్షణ. నోటిమాటగా తప్పుకుంటే ఏమీ లేదు. పైగా ఆయన తర్వాత కూడా నాలుగే వేస్తే, రేపు ప్రైమ్ వాళ్లకు జవాబిచ్చేది, ఆ అంకెకు కాగితాలు చూపించాల్సింది మళ్లీ మీరే.

ఉద్యోగం మానేయడం, ప్రభుత్వాధికారులకు ఫిర్యాదు చేయడం కూడా ఉన్నాయి. ఆ రెండూ మీ హక్కులు. తప్పు చేయనన్నందుకు, ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగిని వేధించకూడదని, తీసేయకూడదని చట్టాల్లో రక్షణ ఉంది. కానీ మొదటి దారిలో ఒక్క అడుగైనా వేయకుండా వీటి దాకా వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం. బావగారు మొండి మనిషి అయ్యుండొచ్చు, మోసగాడని మీ ఉత్తరంలో ఎక్కడా అనిపించలేదు. ఆయనది కాంట్రాక్టు పోతుందన్న భయం. భయం పోగొట్టే కాగితం చూపిస్తే సగం మంది దిగొస్తారు.

కాబట్టి ఆయనతో ఆఫీసులోనే మాట్లాడండి, ఆదివారం భోజనాల దగ్గర వద్దు. అత్తగారి ముందు అసలు వద్దు. ఇది కోడలు ఎదురు చెప్పిన గొడవగా మారితే అంకె సంగతి మరుగున పడిపోతుంది. "బావగారూ, సున్నా వేసినా కాంట్రాక్టుకు ఏమీ కాదు, ఇదిగో రూలు. నాలుగు వేస్తే మీ సంతకంతో వెళ్లే బిల్లులన్నీ చిక్కులో పడతాయి" అని మొదలుపెట్టండి. నాకు భయంగా ఉందని కాకుండా, కంపెనీకి నష్టమని చెప్పండి. వెంటనే చేయగలిగే పని కూడా చేతిలో పెట్టుకుని వెళ్లండి. వర్క్ ఇన్ టెక్సాస్‌లో ఈ వారమే ఖాళీలు పెట్టొచ్చు. టెక్సాస్ వెటరన్స్ కమిషన్ వాళ్లు మాజీ సైనికులను కంపెనీలతో కలిపే పని చేస్తారు, కంపెనీ దగ్గర డబ్బు తీసుకోరు. స్కిల్‌బ్రిడ్జ్ అని రక్షణశాఖ పథకం ఉంది. సర్వీసు చివరి 180 రోజుల్లో ఉన్న సైనికులు మీ దగ్గర పని నేర్చుకుంటారు, జీతం సైన్యమే ఇస్తుంది. డాలస్‌కి దక్షిణంగా రెండు మూడు గంటలు కారులో వెళ్తే ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం వస్తుంది, నెట్‌వర్కులు, రేడియోలు, సర్వర్లు నడిపిన పిల్లలు అక్కడినుంచి బయటికొస్తుంటారు. వాళ్లలో కొందరికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే ప్రభుత్వ అనుమతి) అప్పటికే ఉంటుంది. ఫెడరల్ పనులు ఇంకా తెచ్చుకోవాలన్న ఆశ ఉన్న కన్సల్టెన్సీకి అది ఎంత విలువైనదో బావగారికి మీకన్నా బాగా తెలుసు.

జూన్‌లో రెజ్యూమే పంపిన ఆయనకు జవాబు రాయండి. పాత సంగతికి సాకులు చెప్పొద్దు. ఆలస్యానికి క్షమించమని, ఇప్పుడు ఈ ఖాళీలు ఉన్నాయని, ఆసక్తి ఉంటే మాట్లాడదామని రాస్తే చాలు. ఆయన అర్హుడైతే నిజాయితీగా ఇంటర్వ్యూ చేయండి. అంకె కోసం తీసుకోవద్దు, అనుభవం సరిపోతేనే తీసుకోండి. తనపై వివక్ష జరిగిందనుకుంటే 300 రోజుల్లోపు ఆయన ఫిర్యాదు చేయొచ్చు, ఆ హక్కు ఆయనది. అందుకని ఆ రెజ్యూమే, ఆ ఉద్యోగం తాలూకు మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు ఏవీ చెరిపేయకండి. పైన చెప్పిన మూడేళ్ల లెక్క కాకుండా, రెజ్యూమేల్లాంటి మిగతా నియామకాల కాగితాలు మీలాంటి చిన్న కంపెనీ కూడా కనీసం ఏడాది ఉంచాలి. ఫిర్యాదు వస్తే అది తేలేదాకా ఉంచాలి.

గ్రీన్‌కార్డు గురించి. మీ భయం అర్థమైంది, అయినా అది ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తోంది. 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, అంతమాత్రాన అప్రూవల్ రద్దయిపోదు. మీవారి ప్రయారిటీ డేటు, అంటే గ్రీన్‌కార్డు వరుసలో చోటు తేల్చే తేదీ, నిలుస్తుంది. ఇంకో కంపెనీకి హెచ్1బీ మార్చుకోవచ్చు, ఆరేళ్లు దాటిన పొడిగింపులకూ ఆ ఐ-140 ఆధారంగా ఉంటుంది. మీ హెచ్4 ఈఏడీ కూడా దాని మీదే నిలబడి ఉంది. కొత్త కంపెనీ పెర్మ్ (గ్రీన్‌కార్డుకు ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర తీసుకునే ధ్రువీకరణ) మళ్లీ మొదటినుంచి చేయాల్సి రావచ్చు, అది తలనొప్పే. కానీ లైన్లో మీ చోటు పోదు. ఈ విషయం మీవారితో ఇప్పుడే మాట్లాడండి. ఉత్తరంలో ఆయన ఏమన్నారో ఒక్క ముక్క లేదు. అన్నగారికీ భార్యకూ మధ్య నలుగుతారని మీరే చెప్పకుండా ఉన్నారేమో. ఫారంలో పేరు మీదైనా, పర్యవసానం ఇద్దరిదీ. ఆయనకు తెలియకుండా ఇది నడవకూడదు.

లాయర్ దగ్గరకు వెళ్తే కంపెనీ హెచ్1బీలు చూసే లాయర్ దగ్గరకు వెళ్లకండి. ఆయన కంపెనీ మనిషి, మీరు చెప్పింది బావగారికి చెప్పడం ఆయన బాధ్యత కూడా కావచ్చు. ఇమ్మిగ్రేషన్‌కి ఒకరిని, ఈ ఫారం విషయానికి ఉద్యోగ చట్టం తెలిసిన మరొకరిని మీ సొంత ఫీజుతో ఒక్కో గంట కలవండి. బావగారికి మీరు రాసిన మెయిళ్లు, ఆయన జవాబులు, ఏ తేదీన ఏం జరిగిందో రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి. ఉద్యోగులు గోప్యంగా నింపి ఇచ్చిన వెటరన్ ఫారాలు మాత్రం ఆఫీసు దాటి ఇంటికి తీసుకురావద్దు, ఫోన్లో ఫొటో కూడా తీయొద్దు. లాయర్‌కి వాటి అవసరం ఉంటే ఎలా తెప్పించుకోవాలో ఆయనే చెప్తారు.